'ట్రోలింగ్', 'అత్యాచారం', 'మానభంగం': ఏది ఎక్కడ?

సందేహం: ఆన్‌లైన్‌లో మహిళను ఎగతాళి చేసినా, బెదిరించినా వార్తల్లో 'ట్రోలింగ్' అనో 'అసభ్య వ్యాఖ్యలు' అనో రాస్తున్నారు. ఇది సరైనదేనా? 'అత్యాచారం', 'మానభంగం' ఒకటేనా?

సమాధానం: మంత్రిగారి ప్రసంగంపై మీమ్ చేసినా ట్రోలింగే, ఆ ప్రసంగాన్ని తప్పుపట్టిన అమ్మాయికి 'ఇంటికొచ్చి పాడుచేస్తాం' అని మెసేజ్ పెట్టినా ట్రోలింగే అయితే, హక్కుకూ నేరానికీ తేడా పోతుంది. రెండోది 'అత్యాచార బెదిరింపు'. అలాగే రాయాలి. వద్దని తేల్చి చెప్పినా పదేపదే మెసేజులు పెట్టడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై కన్నేసి ఉంచడం 'వెంటాడటం'. వీధిలో వెంటపడితేనే ఆ మాట వాడాలనేం లేదు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద దీనికి తొలిసారి 3 ఏళ్లు, మళ్లీ చేస్తే 5 ఏళ్ల వరకు జైలు.

'అసభ్యం', 'అభ్యంతరకరం' అన్నవి రాసేవారి అభిప్రాయం చెబుతాయి, ఏం జరిగిందో చెప్పవు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ సరిగ్గా ఇలాంటి మాటల మీదే నడిచింది: 'తీవ్ర అభ్యంతరకరం', 'చిరాకు', 'అసౌకర్యం'. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో దానికి దొరికిపోయింది ఆడవాళ్లను వేధించినవాళ్లు కాదు. ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన ఒక యువతి, దాన్ని లైక్ చేసిన ఆమె స్నేహితురాలు. హద్దులు తెలియని మాటలతో భావప్రకటన స్వేచ్ఛను అడ్డుకుంటోందని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

'అత్యాచారం' అంటే అతి + ఆచారం, యణాదేశ సంధి. హద్దు మీరిన నడవడి. హిందీలో ఇప్పటికీ దౌర్జన్యమనే అర్థం. తెలుగు పత్రికల్లో మాత్రం రేప్ అన్న అర్థం స్థిరపడింది. చిక్కల్లా 'ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం' (1989) దగ్గరే. అక్కడ పాత విస్తృతార్థమే ఉంది. కులం పేరుతో దూషించినందుకు ఆ చట్టం కింద పెట్టిన కేసును 'అత్యాచారం కేసు' అని కుదిస్తే పాఠకుడికి వేరే నేరం తోస్తుంది. శీర్షికలో చోటు చాలకపోతే జనం వాడే 'అట్రాసిటీ కేసు' చాలు.

'మానభంగం' వదిలేయడమే మంచిది. పోయింది ఆమె మానమని చెబుతుంది గానీ వాడేం చేశాడో చెప్పదు. పైగా రేప్‌కూ, పైట లాగడం వంటి దౌర్జన్యానికీ కూడా అదే వాడుతూ వచ్చారు. చట్టంలో అవి వేర్వేరు నేరాలు. ఉటంకింపుల్లో ఉంటే మార్చకండి.

'వేధింపులకు గురైంది' వ్యాకరణరీత్యా తప్పు కాదు. కర్త తెలిసినప్పుడు మాత్రం దాన్ని దాచనక్కర్లేదు: 'సహోద్యోగి వేధించాడని ఫిర్యాదు చేసింది' అనవచ్చు. నేరం రుజువయ్యేదాకా ఆ 'అని' తీసేయకూడదు.