'డైరెక్ట్', 'హైదరాబాద్' అని చూపించే జనం నిజంగా ఎక్కడి వాళ్లు?

మీది కరీంనగర్ వెండి తీగపని వస్తువులు అమ్మే సైట్. సైట్‌కి ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో సగానికి పైగా జనం 'డైరెక్ట్' అనీ, ఊరు హైదరాబాద్ అనీ కనిపిస్తున్నారు కాబట్టి హైదరాబాద్‌కి యాడ్స్ పెట్టాలా అని అడిగారు. ఇప్పుడే పెట్టకండి. ఆ రెండింటినీ చూసి డబ్బు ఖర్చు పెట్టే వీల్లేదు.

వరంగల్ కొత్తవాడలో మా బాబాయి వాళ్లకు జంపఖానాల దుకాణం ఉంది. దాని వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను. మాకూ లెక్క అచ్చం ఇలాగే కనిపించేది.

ముందు 'డైరెక్ట్' సంగతి. ఒక సైట్‌లో లింక్ నొక్కి ఇంకో సైట్‌కి వెళ్తే, ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజర్ ఆ రెండో సైట్‌కి చెప్తుంది. వాట్సాప్‌లో, ఎస్ఎంఎస్‌లో, పీడీఎఫ్‌లో ఉన్న లింక్ నొక్కితే ఆ సమాచారం చాలావరకు రాదు. అడ్రస్ టైప్ చేసి వచ్చినవాళ్లు, బుక్‌మార్క్ నుంచి వచ్చినవాళ్లు, మీ విజిటింగ్ కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాళ్లు, అందరూ 'డైరెక్ట్' అనే ఒక్క గంపలోనే పడతారు. మన దగ్గర చిన్న వ్యాపారమంతా వాట్సాప్ మీదే నడుస్తుంది కదా, అందుకే అంత పెద్ద అంకె.

దీనికి మందు ఉంది, ఖర్చు లేదు. గూగుల్ వాళ్లదే క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్ అనే ఉచిత పేజీ ఉంది. అందులో మీ అడ్రస్ పెట్టి సోర్స్, మీడియం, క్యాంపెయిన్ అనే గళ్లు నింపితే గుర్తు ఉన్న లింక్ తయారవుతుంది. దీన్నే యూటీఎమ్ లింక్ అంటారు. వాట్సాప్ గ్రూపుకి ఒకటి, స్టేటస్‌కి ఒకటి, ఇన్‌స్టాగ్రామ్ బయోకి ఒకటి, పార్సెల్‌లో పెట్టే కార్డు క్యూఆర్‌కి ఒకటి, ఇలా విడివిడిగా చేయండి. పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే ఉంచండి. ఒకసారి పెద్ద అక్షరం, ఒకసారి చిన్న అక్షరం రాస్తే రిపోర్టులో రెండు వేర్వేరు వరుసలు వస్తాయి. మీ సైట్‌లోనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే లింకులకు మాత్రం ఈ గుర్తులు తగిలించొద్దు, లెక్క మొత్తం చెడుతుంది. ఇలా విడదీశాకే మాకు తెలిసింది, పార్సెల్‌లో పెట్టే చిన్న కార్డు ఇన్‌స్టాగ్రామ్ కంటే ఎక్కువ కొనుగోళ్లు తెస్తోందని.

ఇక ఊరు. మనిషి ఎక్కడ కూర్చున్నాడో అనలిటిక్స్‌కి తెలియదు. ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కి ఉండే నంబరు, చూసి ఊరిని అంచనా వేస్తుంది. మొబైల్ కంపెనీలు వేలమంది కస్టమర్లను కొద్దిపాటి పబ్లిక్ ఐపీల వెనక పెట్టి, పెద్ద నగరంలోని గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం) గుండా ఇంటర్నెట్‌లోకి పంపుతాయి. అందుకే నర్సంపేటలోనో పరకాలలోనో ఫోన్ చూస్తున్న మనిషి కూడా హైదరాబాద్ లెక్కలో పడొచ్చు. మీరే పరీక్షించుకోండి: వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ సైట్ తెరిచి, రియల్‌టైమ్ రిపోర్టులో మీ ఊరు ఏం పడిందో చూడండి. దేశం వరకు ఆ లెక్కను బాగానే నమ్మొచ్చు, ఊరి దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త. అమెరికాలోని యాష్‌బర్న్ నుంచి ఒక్క క్షణం కూడా ఆగని విజిట్లు గుంపుగా కనిపిస్తే సంబరపడకండి. అక్కడ డేటా సెంటర్లు ఎక్కువ, ఆ విజిట్లు చాలావరకు మనుషులవి కావు, బాట్లు అనే ఆటోమేటిక్ ప్రోగ్రాములవే.

కొనేవాళ్ల ఊరు కావాలంటే ఆర్డర్ల పిన్‌కోడ్లు చూడటం మేలు. మొదటి మూడు అంకెలు చాలు: హైదరాబాద్‌కి 500, కరీంనగర్ వైపు 505, మన వరంగల్‌కి 506, ఆదిలాబాద్ వైపు 504. ఎక్సెల్‌లో ఒక కాలమ్ చేసుకుంటే సరిపోతుంది. అందులో 500 ఎక్కువగా ఉంటే అప్పుడు హైదరాబాద్‌కి యాడ్ పెట్టండి, అర్థముంది. ఒక్క విషయం: డాలస్‌లో ఉన్న కూతురు కరీంనగర్‌లోని అమ్మకు వెండి భరిణె పంపితే పిన్‌కోడ్ కరీంనగర్‌దే పడుతుంది. డబ్బు కట్టిన అడ్రస్ కూడా ఉంటే అదీ పక్కన రాసుకోండి.

గూగుల్‌లో వెతికి వచ్చేవాళ్ల కోసం గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అనే టూల్ తప్పకుండా పెట్టుకోండి. ఏ మాటలు వెతికి వచ్చారో అందులో కనిపిస్తుంది, పదహారు నెలల వరకు వెనక్కి చూడొచ్చు. నాకైతే అన్నిటికంటే ఇష్టమైన రిపోర్టు ఇదే. వరంగల్ దర్రీలకు, అంటే మా జంపఖానాలకు, 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. మా సైట్‌లో దాని గురించి ఉన్న పేజీకి వచ్చే జనంలో చాలామంది పోటీ పరీక్షలకు చదివే పిల్లలని వాళ్లు వెతికిన మాటలు చూస్తేనే తెలిసిపోయింది. వాళ్లు రావడం సంతోషమే, కానీ కొనేవాళ్ల లెక్కలో కలపకూడదు. మీ వెండి తీగపనికి (ఫిలిగ్రీకి) కూడా జీఐ ఉంది కాబట్టి మీకూ ఇలాగే ఉండొచ్చు. 'జంపఖానా ఎలా ఉతకాలి' అని వెతికినవాళ్లు మాత్రం ఇంట్లో ఒకటి ఉన్నవాళ్లు. వాళ్ల కోసం ఒక పేజీ రాశాం, అక్కడి నుంచి ఫోన్లు వస్తున్నాయి.

ఆ ఫోన్ వచ్చినప్పుడు 'మా గురించి ఎలా తెలిసిందండీ?' అని అడగండి. మా ఆర్డర్ పుస్తకంలో దానికి ఒక గడి ఉంది. 'మా ఆడపడుచు ఇంట్లో చూశాను' అనే జవాబు తరచుగా వస్తుంది. అందుకే ఇప్పుడు ప్రతి పార్సెల్‌లో రెండు కార్డులు పెడుతున్నాం, ఒకటి వాళ్లకు, ఒకటి ఇంకొకరికి ఇవ్వడానికి. రెండో దాని మీద క్యూఆర్‌కి వేరే గుర్తు ఉంది.