డాక్టర్ సలహా: నీళ్లు కారుతున్నా కండ్లు పొడిబారినట్టే!

ప్రశ్న: నాకు 47 ఏండ్లు. దేవరకొండలో మీసేవ సెంటర్ నడుపుతున్న. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కంప్యూటర్ ముందే. మధ్యాహ్నం దాటితే కండ్లు మంట, ఇసుక పడ్డట్టు గరగర, ఒకటే నీళ్లు. సాయంత్రానికి స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోతయి, నొసలు గుంజుతది. దూరం బాగనే కనిపిస్తది. 2023ల కంటి వెలుగు క్యాంపుల ఇచ్చిన ప్లస్ 1.75 అద్దాలు వాడుతున్న. కంప్యూటర్ మూరన్నర దూరంల ఉంటది. రెండు నెలల సంది మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్న, ఎరుపు తగ్గి మళ్ల వస్తది. గంటకోసారి కండ్లల్ల నీళ్లు కొట్టుకుంటున్న. నీలి వెలుగును ఆపుతయని అమ్మే బ్లూ కట్ అద్దాలు తీసుకోవాల్నా?

జవాబు: మీరు రాసిన దాన్ని బట్టి మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. వాటిని విడదీసి చూడటానికి ఖర్చేమీ లేదు. సాయంత్రం అక్షరాలు అలుక్కుపోయినప్పుడు రెండుమూడు సార్లు గట్టిగా రెప్పలు మూసి తెరవండి. క్షణకాలం తేటపడి మళ్లీ మసకేస్తే అది పొడితనం. రెప్పలు కొట్టినా మారకుండా, తలను ఒక జానెడు ముందుకు వంచితే తేటపడితే అది అద్దాల లెక్క తప్పడం. మీ విషయంలో రెండూ ఉండే అవకాశం ఎక్కువ.

ముందు అద్దాల సంగతి. మీకు ఇచ్చినవి చత్వారం అద్దాలు, అంటే పుస్తకం, పేపరు చదివే దూరానికి, సుమారు 40 సెంటీమీటర్లకు సరిపోయేవి. దూరపు చూపుకు పవర్ అవసరం లేనివారు ప్లస్ 1.75 పెట్టుకుంటే సుమారు 57 సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ మసకగానే కనిపిస్తుంది (100ని 1.75తో భాగిస్తే వచ్చేది అదే). మీ మూరన్నర అంటే దాదాపు 68 సెంటీమీటర్లు. అద్దాల తప్పు కాదు, వాటిని చేయించింది ఆ దూరానికి కాదు. స్పష్టంగా కనిపించడానికి మీరు తెలియకుండానే మెడ ముందుకు చాపుతుంటారు. అద్దాలు తీసేస్తే ఈ వయసులో కంటి లోపలి కండరం పూర్తిగా పనిచేసి ఆ దూరాన్ని అందుకోవాలి. కొంతసేపు అందుకుంటుంది, సాయంత్రానికి అలసిపోతుంది. నొసలు గుంజడం చాలావరకు అక్కడిదే.

రేపటికి రేపు చేయగలిగింది: టేపు పట్టి, ముక్కు మొదలు నుంచి స్క్రీన్ దాకా కొలిచి, మానిటర్‌ను 53, 54 సెంటీమీటర్లకు జరపండి. అద్దాలు పని చేస్తాయి. అసలు పరిష్కారం మాత్రం కంప్యూటర్ కోసం విడిగా ఒక జత. పరీక్షకు వెళ్లినప్పుడు స్క్రీన్ దూరం, కాగితాల దూరం రెండూ చీటీ మీద రాసుకొని పోయి చూపించండి. అది చెప్పకపోతే మళ్లీ చదివే పవరే రాస్తారు. దూరం, మధ్య, దగ్గర చూపులు మూడూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి పవర్ అడుగున ఉంటుంది, గడ్డం పైకెత్తి స్క్రీన్ చూడాల్సి వచ్చి మెడ పట్టేస్తుంది. పొద్దంతా కంప్యూటరే అయిన మీకు నేనైతే వాటిని సూచించను. జిరాక్స్ కాగితాలు టేబుల్ మీద పరిచి కిందికీ పైకీ చూడకుండా, మానిటర్ పక్కనే అదే దూరంలో నిలబెట్టుకోండి. పది రూపాయల క్లిప్పు, ఒక అట్టముక్క చాలు.

ఇక నీళ్లు కారడం. కంటి మీద కన్నీటి పొర ఒకటి ఎప్పుడూ పరుచుకొని ఉంటుంది. పైన పలుచటి నూనె, దాని కింద నీరు, అడుగున కంటికి అతుక్కునే జిగురు. చారు మీద తేలే నూనెను గుర్తు తెచ్చుకోండి. ఆ నూనె ఉన్నంతసేపు కింది నీరు తొందరగా ఆవిరి కాదు. నూనె వచ్చేది రెప్పల అంచున ఉన్న సన్నటి గ్రంథుల నుంచి, అదీ రెప్ప పూర్తిగా మూసుకొని ఒత్తుకున్నప్పుడే. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప పడుతుంది. స్క్రీన్ ముందు అది ఐదారుకు దిగుతుంది. అదీ చాలాసార్లు సగమే, పై రెప్ప కొంచెం దిగి వెనక్కి పోతుంది. పొర చిట్లి కన్ను మండుతుంది. మంట ఆర్పడానికి కన్ను ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. కానీ ఆ నీళ్లలో నూనె సరిపోదు, చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్లీ ఎండుతుంది. మీరు గంటకోసారి నీళ్లు కొట్టుకుంటే మిగిలిన కాస్త పొర కూడా కడుక్కుపోతుంది. ఆ పని మానండి. రోజ్ వాటర్, ఆముదం లాంటివి కూడా కంట్లో వేయొద్దు.

ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు, ఇరవై అడుగుల అవతల ఉన్నదాన్ని చూడమని అందరూ చెప్తారు. మీకు రోడ్డు అవతలి షాపు బోర్డు చాలు. అయితే చూసి ఊరుకుంటే సగం పనే. ఆ ఇరవై సెకన్లలో ఐదారు సార్లు రెప్పలు నిదానంగా పూర్తిగా మూసి, ఒక్క క్షణం ఒత్తి తెరవండి. గుర్తుండకపోతే ఒక్కో అప్లికేషన్ ప్రింట్ తీసేటప్పుడల్లా చేయండి.

రాత్రి శుభ్రమైన నూలు గుడ్డను ముంజేతికి ఓర్చుకోగల వేడి నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద 5 నుంచి 10 నిమిషాలు కాపడం పెట్టండి. గుడ్డ ఒకటి రెండు నిమిషాలకే చల్లారుతుంది, మళ్లీ ముంచాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెత్తగా రాయండి. గట్టిపడిన నూనె కదలడానికి రెండు వారాలైనా పడుతుంది.

మీరు వేస్తున్న చుక్కల గురించే నాకు ఎక్కువ ఆందోళన. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్ వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. ఎరుపు చిటికెలో తగ్గుతుంది గానీ నెలల తరబడి వేస్తే కంటి ప్రెషర్ పెరిగి గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు పోయే జబ్బు) రావచ్చు, శుక్లం తొందరగా రావచ్చు. ప్రెషర్ పెరిగినా నొప్పి ఉండదు, మీకు తెలియదు. నాఫజొలిన్ అయితే రక్తనాళాలను కొద్దిసేపు ముడుచుకునేలా చేస్తుంది, దాని బలం తగ్గాక ఎరుపు మరింత వస్తుంది. ఏదైనా సరే, ఈ వారంలోనే సీసా పట్టుకొని కంటి డాక్టర్ దగ్గరికి పోయి ప్రెషర్ కొలిపించుకోండి.

పొడితనానికి వేయదగినవి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు, రోజుకు నాలుగుసార్లు, ఒక్కో కంటికి ఒక్క చుక్క. మంట పుట్టాక కాదు, పని మొదలుపెట్టే ముందే వేయాలి. కింది రెప్పను లాగి, సీసా మూతి ఎక్కడా తగలకుండా వేసి, ఒక నిమిషం కండ్లు మూసుకోండి. మూత తీసి నెల దాటితే పారేయండి. నాలుగుసార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ (చుక్కలు చెడిపోకుండా కలిపే మందు) లేనివి అడగండి, ఎక్కువసార్లు పడితే ఆ ప్రిజర్వేటివే కంటిని రేపుతుంది.

షట్టర్ షాపుల్లో చాలామంది రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంటారు. స్క్రీన్ వెనుక నుంచి ఎండ వెలుగు నేరుగా కంట్లో పడుతుంది. టేబుల్ తిప్పి షట్టర్ పక్కకు వచ్చేలా చేసుకోండి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు సమంగానో కొంచెం కిందో ఉండాలి. పైకి చూస్తే కన్ను ఎక్కువ తెరుచుకొని తొందరగా ఎండుతుంది. కూలర్ తేమనిస్తుంది, కాబట్టి మన నల్గొండ ఎండలకు ఏసీ కన్నా కంటికి మేలే. కానీ గాలి మొహానికి కొట్టొద్దు, కాళ్ల వైపు తిప్పండి.

బ్లూ కట్‌కు అదనంగా డబ్బులు పెట్టకండి. వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను చూసిన సమీక్షలో, మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట తగ్గినట్టు తేలలేదు. స్క్రీన్ నుంచి వచ్చే నీలి వెలుగు ఆరుబయటి పగటి వెలుగు ముందు చాలా తక్కువ.

కన్ను బాగా నొప్పిపెట్టి ఎర్రబడ్డా, ఒక్కసారిగా చూపు తగ్గినా, మెరుపులు, నల్లటి చుక్కలు కొత్తగా కనిపించినా, పక్క నుంచి తెర కమ్మినట్టున్నా ఈ వారం దాకా ఆగొద్దు, అదే రోజు పోవాలి. 47 ఏండ్లకు షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ ఎక్కువ తక్కువ అవుతుంటే చూపు కూడా రోజుకో తీరుగా ఉంటుంది. నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికే పోయినా, ప్రైవేటుకు పోయినా కంటి పాప పెద్దది చేసే చుక్కలు వేసి లోపలి పొర చూస్తారు. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు చూడలేరు. ఆ రోజు బైకు తీయకుండా బస్సులో పోండి, పాత అద్దాలు, చుక్కల సీసా, దూరాలు రాసుకున్న చీటీ జేబులో పెట్టుకోండి.