ఓపెన్ సోర్స్‌లో నెలలు గడిచినా చూపించడానికి ఏమీ లేదంటే?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. స్నేహితులను చూసి, ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ రాస్తానని మొదలుపెట్టాడు. నెలలు గడిచినా చూపించడానికి ఏమీ లేదు. మా తోడల్లుడి కొడుకు గిట్‌హబ్ ప్రొఫైల్ నిండా ఆకుపచ్చ గళ్లేనట. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సెలక్షన్ గ్యారంటీ అంటున్న కోచింగ్‌లో చేర్పించమంటారా? ఇదంతా మానేసి ప్లేస్‌మెంట్ పరీక్షలకు చదవమనాలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోచింగ్‌లో చేర్పించకండి. 2005 నుంచి నడుస్తున్న ఆ గూగుల్ కార్యక్రమం, కొత్తవాళ్లకు స్టైపెండ్ ఇచ్చి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించేది. అందులో ఎవరిని తీసుకోవాలో ఆయా ప్రాజెక్టుల మెంటార్లే తేలుస్తారు. అభ్యర్థి రాసిన ప్రపోజల్, అంతకుముందు ఆ ప్రాజెక్టులో చేసిన పని చూస్తారు. మధ్యలో గ్యారంటీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు.

ఇక ఆకుపచ్చ గళ్లు. గిట్‌హబ్ అంటే కోడ్ దాచి పంచుకునే సైట్, అందులో పనిచేసిన రోజుకో గడి పచ్చబడుతుంది. సొంత రిపోలో (కోడ్ ఉండే ఫోల్డర్‌లో) ఒక్క అక్షరం మార్చి కమిట్ చేసినా, అంటే సేవ్ చేసినా అంతే. ఈ లెక్కల మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఏటా అక్టోబర్‌లో జరిగే ఓపెన్ సోర్స్ పండుగ హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు ('నా మార్పు చేర్చుకోండి' అని పంపేవి) టీషర్టు అనగానే, ఎవరి ప్రాజెక్టులోనో పరిచయం రాసే రీడ్‌మీ ఫైల్‌కు రెండు పొగడ్త మాటలు తగిలించి పంపినవాళ్లు కొల్లలు. ఆ ప్రాజెక్టుల నిర్వాహకులు గగ్గోలు పెడితే, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కలోకి వచ్చేలా రూల్ మార్చారు. 2024లో వెబ్‌సైట్ల తయారీకి వాడే ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్టుకూ అదే గతి పట్టింది. ఒక వీడియో పాఠం చూసి, తమ పేరు చేర్చమంటూ విద్యార్థులు వరసగా పుల్ రిక్వెస్టులు పంపారు. అవి చూసి తిప్పి పంపేవాళ్లలో చాలామంది జీతం లేకుండా, తీరిక వేళల్లో పనిచేసేవాళ్లు. ఇప్పుడు ఏఐతో రాయించి, తమకే అర్థంకాని కోడ్ పంపేవాళ్లూ తోడయ్యారు. ఇవన్నీ పిల్లల ఖాతా పేరుతోనే అందరికీ కనిపిస్తుంటాయి.

నిజమైన పని ఇలా ఉండదు. ప్రాజెక్టును మన కంప్యూటర్‌లో బిల్డ్ చేయడానికే, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారుచేయడానికే కొన్ని రోజులు పడుతుంది. తర్వాత, ఎవరో చెప్పిన బగ్ (లోపం) మన దగ్గరా వస్తోందో లేదో చూడాలి. వేల లైన్లలో అది పుట్టే చోటు పట్టుకోవాలి. మూడు లైన్లు మార్చి, అది సరిగా పనిచేస్తోందో చూసే టెస్ట్ రాసి పంపితే, 'ఇక్కడెందుకు మార్చావు, దీన్ని పిలిచే ఫంక్షన్‌లో కదా మార్చాలి' అని రివ్యూ వస్తుంది. మళ్లీ రాయాలి, మళ్లీ ఎదురుచూడాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌కైతే ప్యాచ్ (మార్పు) ఈమెయిల్‌లో పంపాలి, దాని కింద ఈ కోడ్ పంపే హక్కు నాకుందని చెప్పే 'సైన్డ్ ఆఫ్ బై' సొంత పేరుతో ఉండాలి. చివరికి చేరేది ఆ మూడు లైన్లే. కాబట్టి నెలల తరబడి చేతికి ఏమీ రాలేదంటే మీవాడు ఖాళీగా కూర్చున్నాడని కాదు.

ఒకమాట అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో తోడల్లుడి కొడుకు గళ్ల సంగతి ఉంది గానీ, మీ అబ్బాయి ఏ ప్రాజెక్టులో పనిచేస్తున్నాడో ఒక్క ముక్క లేదు. వాణ్ని అడిగారా? 'ఇంకా ఏం తేల్చావు?' అని కాదు, 'ఏం చేస్తున్నావో చూపించు' అని. రోజూ పోలికలు వింటుంటే ఏ పిల్లాడైనా గళ్ల వెంటే పరిగెడతాడు.

ప్లేస్‌మెంట్ పరీక్షల గురించి అడిగారు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల తొలి రౌండ్ చాలావరకు కోడింగ్ పరీక్షే. ఎంత గొప్ప ప్యాచ్ రాసినా అది తప్పదు. మూడో ఏడు నుంచి గట్టిగా సాధన చేస్తే సరిపోతుంది, ఇప్పటినుంచే టెన్షన్ పడక్కర్లేదు. ఆ పరీక్ష దాటాక ఇంటర్వ్యూలో మాత్రం ఈ మూడు లైన్ల కథ అరగంట మాట్లాడగలడు.

తనకు నచ్చకపోతే మానేయనివ్వండి. ఓపెన్ సోర్స్ ముఖం చూడని మంచి ఇంజనీర్లు బోలెడుమంది ఉన్నారు. నచ్చితే తను రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒక్కటి పట్టుకోమనండి. ఫైర్‌ఫాక్స్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో తెలుగు వత్తులు తప్పుగా కనిపిస్తే, అది తప్పని పసిగట్టగలిగేది తెలుగు చదివేవాళ్లే. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ సందేశాలను ట్రాన్స్‌లేట్‌వికీ సైట్‌లో తెలుగు చేస్తూ మొదలుపెట్టినా మంచిదే.

కోచింగ్‌కు దాచిన డబ్బుతో, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే 16 వేయించండి. పెద్ద ప్రాజెక్టులు బిల్డ్ చేసేటప్పుడు ముందు మొరాయించేది అక్కడే.