తల్లిదండ్రులను సమావేశానికి పిలిచే ముందు వారికొక పని చూపించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక పాఠశాల, దాని పక్కనున్న గ్రంథాలయం, ఒక యువజన సంఘం కలిసి పిల్లల చదువుకు తోడ్పడాలని కమిటీ వేసుకున్నారు. మొదటి సమావేశానికి బాగానే వచ్చిన తల్లిదండ్రులు తర్వాత రావడం మానేశారు. యువతీయువకులు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. భారమంతా ఇద్దరు ముగ్గురి మీద పడింది. దీన్ని నిలబెట్టడం ఎలా? సంఘాన్ని రిజిస్టర్ చేయిస్తే బలం వస్తుందా?

గ్రంథాలయం తరఫున ఇలాంటి భాగస్వామ్యంలో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా అనుభవంలో గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటే: కమిటీ ముందు, పని తర్వాత అనుకున్న చోట జనం నిలవరు. ఒక చిన్న పని ముందు మొదలై, ఆ పని చేసేవారే తర్వాత కమిటీ అయితే నిలుస్తారు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనే మాట మీ ఉత్తరంలో రెండు చోట్ల వచ్చింది. దయచేసి ఆ అభిప్రాయాన్ని వదిలేయండి. మీ సమావేశాల్లో వారు చేయడానికి ఏమీ లేదు. వినాలి, తలూపాలి, సంతకం పెట్టి వెళ్లాలి. రోజంతా పనిచేసి వచ్చిన మనిషి అందుకోసం మళ్లీ ఎందుకు బయలుదేరాలి?

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. కొన్ని గ్రామాల్లో సభలు పెట్టి, విద్యా కమిటీకి ఉన్న అధికారాలేమిటో వివరించారు. మరికొన్నింటిలో అదనంగా, పిల్లలు ఎంతవరకు చదవగలరో పరీక్షించే పద్ధతిని ఊరివారికే నేర్పారు. ఇంకొన్నింటిలో వీటికి తోడు స్థానిక వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, బడి వేళల తర్వాత పిల్లల చేత చదివించే శిబిరాలు పెట్టించారు. మొదటి రెండు పద్ధతుల వల్ల ఊరివారు బడి విషయంలో చొరవ తీసుకోవడమూ పెరగలేదు, పిల్లల చదువూ మెరుగుపడలేదు. మూడో పద్ధతిలో మాత్రం శిబిరాలకు వచ్చిన పిల్లలు చదవడంలో ముందుకు వెళ్లారు. సమాచారం విన్నవారు విని ఊరుకున్నారు. ఫలానా పని ఇలా చేయండి అని చూపించిన చోట ముందుకొచ్చినవారు దొరికారు. నేను చూసినంతలో ఎక్కడైనా ఇదే తీరు.

మేము ఎంచుకున్న పని గైర్హాజరు ఫోన్లు. పొద్దున హాజరు వేయడం పూర్తయ్యాక, వరుసగా రెండో రోజు కూడా రాని పిల్లల పేర్లు ఉపాధ్యాయురాలు ఒక కాగితం మీద రాసి ఇస్తారు. ఆ వారం బాధ్యత తీసుకున్న తల్లి గానీ తండ్రి గానీ ఆ ఇళ్లకు ఫోన్ చేస్తారు. ఏం మాట్లాడాలో కూర్చుని రాసుకున్నాం: ‘నేను మీ అమ్మాయి చదివే బడిలోనే చదివే ఇంకో పాప వాళ్ల అమ్మను. రెండు రోజులుగా పాప కనబడలేదు, అంతా కులాసాయేనా? లెక్కల్లో కొత్త పాఠం మొదలుపెట్టారు, వచ్చాక టీచరు మళ్లీ చెబుతామన్నారు.’ అంతే. ‘ఎందుకు పంపలేదు’ అన్న ప్రశ్న ఉండకూడదని అందరం ఒప్పుకున్నాం. ఆ ప్రశ్న వినపడగానే అవతలివారు సంజాయిషీలోకి వెళ్లిపోతారు, అసలు సంగతి బయటికి రాదు.

అసలు సంగతులు ఎలాంటివో చూడండి. ఒకమ్మాయి ప్రతి వారం వరుసగా రెండు రోజులు మానేస్తోంది. తల్లికి ఆ రెండు రోజులూ తెల్లవారుజామున డ్యూటీ, ఇంట్లో చంటి తమ్ముణ్ని చూసేవారు లేరు. ఫోన్ చేసిన ఆవిడ ఆ వీధిలోనే ఉంటుంది. ఆ రెండు రోజులూ పిల్లాణ్ని తన దగ్గర ఉంచుకుంటానంది. కమిటీ తీర్మానం అక్కరలేదు, నిధులు అక్కరలేదు, ఆ అమ్మాయి మళ్లీ రోజూ బడికి రావడం మొదలుపెట్టింది. ఏడాది పనిదినాల్లో పదో వంతు మానేసే పిల్లలను దీర్ఘకాలిక గైర్హాజరీలుగా చాలా చోట్ల లెక్కిస్తారు. పదో వంతంటే ఇంచుమించు నెలకు రెండు రోజులు. రెండు రోజులే కదా అని ఇంట్లోనూ బడిలోనూ ఎవరికీ పట్టదు, అందుకే ఈ పని బయటివారు చేయదగ్గది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు వాలంటీరుకు ఇవ్వడానికి తల్లిదండ్రుల దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కాగితం సాయంత్రానికి తిరిగి బడికి చేరాలి.

మీ దగ్గర అవసరం వేరే ఉండవచ్చు. చదవడం రాని పిల్లలు ఎక్కువ కావచ్చు, సాయంత్రం కూర్చుని చదువుకోవడానికి చోటు లేకపోవచ్చు. అదేమిటో మీరు ఊహించకండి, అడగండి. అమెరికాలోని శాక్రమెంటోలో 1998లో తల్లిదండ్రుల చొరవతోనే మొదలైన ఒక పద్ధతి ఉంది: ఉపాధ్యాయులు ఇద్దరిద్దరుగా, ముందే చెప్పి, ఇంటివారు ఒప్పుకుంటేనే ఇళ్లకు వెళతారు. వెళ్లి మార్కుల గురించి మాట్లాడరు. మీ బిడ్డ గురించి మీ ఆశలేమిటి, కలలేమిటి అని అడుగుతారు. వెనకబడిన పిల్లల ఇళ్లకే వెళ్లడమన్నది అందులో లేదు. అలా వెళితే టీచరు గడపలో కనబడగానే ఏదో ఫిర్యాదు వచ్చిందనుకుంటారు. ఇళ్లకు వెళ్లే ఉపాధ్యాయులకు ఆ సమయానికి పారితోషికం కూడా ఇస్తారు. ఇది నాకు ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. భాగస్వామ్యం పేరు చెప్పి ఉపాధ్యాయుల నెత్తిన జీతం లేని పని పెట్టడం చాలా చోట్ల చూశాను. అలాంటివి ఒక విద్యా సంవత్సరం కూడా దాటవు.

ఇళ్లకు వెళ్లడం కుదరకపోతే, కనీసం ఇంటికి వెళ్లే మొదటి కబురు మంచి కబురై ఉండాలి. ‘మీ వాడు ఈ రోజు తరగతిలో అడిగిన ప్రశ్న మాకందరికీ నచ్చింది’ అన్న ఒక్క ఫోన్‌కు ఎంత విలువ ఉంటుందో చేసి చూస్తే తెలుస్తుంది. చదవడం రాని తల్లిదండ్రులకు చీటీలు పంపడం మానేయండి. చీటీ చదివి చెప్పే భారం పిల్లవాడి మీదే పడుతుంది, ఇబ్బందికరమైన సంగతైతే వాడు చెప్పడు. సమావేశం పెట్టే వేళ కూడా వారినడిగే నిర్ణయించండి. బడికి వీలైన వేళ వేరు, ఇళ్లకు వీలైన వేళ వేరు.

సమావేశాల్లో గొడవలవుతున్నాయని రాశారు. ఉపాధ్యాయులు ఇంటిని తప్పుపడతారు, ఇంటివారు బడిని తప్పుపడతారు, ఇద్దరూ కలిసి పిల్లలను. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 1968లో జేమ్స్ కోమర్ అనే మనోవైద్యుడు రెండు పాఠశాలలతో కలిసి పని మొదలుపెట్టి, తర్వాత ఎన్నో బడులు అనుసరించిన ఒక పద్ధతిని రూపొందించారు. అందులో మూడు నియమాలున్నాయి: తప్పెవరిదో వెతకకుండా సమస్య మీదే మాట్లాడాలి, ఓట్లతో కాకుండా ఏకాభిప్రాయంతో నిర్ణయించాలి, ప్రధానోపాధ్యాయుల చేతులు కట్టేయకుండా కలిసి పనిచేయాలి. మేము మొదటి నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసి బల్ల మీద పెట్టుకున్నాం. మాట అదుపు తప్పినప్పుడు ఎవరో ఒకరు దాన్ని ముందుకు జరుపుతారు. పేరు పెట్టి ఎవరినీ ఆపనవసరం లేదు. ఓట్లు వద్దన్నది కూడా చిన్న విషయం కాదు. ఓడిపోయిన పక్షం మర్నాటి నుంచి పనికి రాదు.

ఇక యువతీయువకుల సంగతి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. వారిని చాలా సంఘాలు కుర్చీలు వేయడానికి, బ్యానర్లు పట్టుకోవడానికి, ఫొటోలో వెనక వరుసకు వాడుకుంటాయి. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసినప్పుడు పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్లుగా చూపించారు. కింది 3 మెట్లు, అంటే పిల్లలను తమ ప్రయోజనానికి ఆడించడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం చోటివ్వడం, అసలు భాగస్వామ్యమే కాదన్నారు. మీ సంఘంలో యువత ఏ మెట్టు మీద ఉన్నారో వారి ముందే కూర్చుని చూసుకోండి.

చిన్న పిల్లల చేత చదివించడానికి మేము నడిపే సాయంత్రాలకు పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు వచ్చేవాడు. వాడి పక్కన కూర్చున్న చిన్న పాప బొమ్మల పుస్తకం గడగడా చదివేస్తోంది. చూస్తున్న పెద్దలమంతా మెచ్చుకుంటున్నాం. వాడు మాత్రం మెల్లగా అరచేతితో బొమ్మను మూసి, ‘ఇప్పుడు చదువు’ అన్నాడు. పాప ఆగిపోయింది. పేజీలో ఉన్నది కాకుండా, బొమ్మను చూసి గుర్తున్నది చెబుతోందన్నమాట. వాడు వెంటనే చేయి తీసేశాడు, పాప ముఖం చిన్నబోనివ్వలేదు. ‘సరే, బొమ్మ చూస్తూనే చెప్పు. కుక్క అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టు’ అన్నాడు. తర్వాత తన నోటుపుస్తకంలో ఆ పాపకు వచ్చిన అక్షరాలు, రాని అక్షరాలు విడివిడిగా రాసుకున్నాడు. ఇదెవరూ వాడికి నేర్పలేదు. ఆ తర్వాతి వారం కొత్త వాలంటీర్లకు ఎలా చదివించాలో వాడినే చెప్పమన్నాం, పెద్దవాళ్లం కూర్చుని విన్నాం. పిల్లల పురోగతి రాసే పుస్తకం ఇప్పటికీ వాడు గీసిన నమూనాలోనే ఉంది. అలాంటి పిల్లలు ఎందుకు మానేస్తారు? పరీక్షల కాలంలో మానేస్తారు, అది సహజం, వెళ్లనివ్వాలి. అందుకే ఎప్పటికీ రావాలని అడగకుండా, రెండు నెలలకో విడతగా పని ఇవ్వండి. విడత పూర్తయ్యాక వారు చేసిన పనేమిటో వివరంగా రాసిన లేఖ ఇవ్వండి, ఉద్యోగానికో పై చదువుకో పనికొస్తుంది. నిర్ణయాలు జరిగే చోట కనీసం ఇద్దరు యువతకు స్థానం ఉండాలి. పెద్దల మధ్య ఒంటరిగా కూర్చున్న ఒక్కరు నోరు విప్పరు.

పిల్లల భద్రత గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఏ వాలంటీరూ, ఎంత తెలిసిన మనిషైనా సరే, తలుపు మూసిన గదిలో పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు కనుచూపు మేరలో ఉండాలి. కొత్తవారి వివరాలు, వారి గురించి చెప్పగలవారి మాటలు ముందే తీసుకోవాలి. ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరికి చెప్పాలో పిల్లలకూ తెలియాలి. వాలంటీర్లు పిల్లలతో విడిగా ఫోన్ సందేశాలు నడపకూడదు. అనుమతి లేని ఫొటో ఎక్కడా పెట్టకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

దాతల గురించి ఎక్కువ చెప్పను. వారు ఇవ్వదలచింది కాకుండా మీకు కావలసింది అడగండి. ఒక సంస్థ మాకు కంప్యూటర్లు ఇస్తామంది. వాటిని చూసుకునే మనిషి కావాలని అడిగాం, వారంలో ఒక సాయంత్రం తమ ఉద్యోగిని పంపడానికి ఒప్పుకున్నారు. యంత్రాలు తర్వాత తీసుకున్నాం.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందన్నారు. మార్కుల్లో తొందరగా కనిపించదు. ముందు హాజరు మారుతుంది, తర్వాత చదవడం. వీటన్నిటికన్నా ముందు మారవలసింది పెద్దల మధ్య నమ్మకం. ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే పరిశోధకులు షికాగో పాఠశాలల్లో ఏళ్ల తరబడి చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయుల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లో రెండింటికి ఒకటి మెరుగుపడే అవకాశం ఉంటే, నమ్మకం సన్నగిల్లిన బడుల్లో ఏడింటికి ఒకదానికే ఆ అవకాశం ఉందని తేల్చారు. ఫోన్ చేస్తానన్న రోజు ఫోన్ చేయడం, తలుపు తెరుస్తామన్న వేళకు తెరిచి ఉంచడం లాంటి వాటితోనే అది పెరుగుతుంది. అందుకే మీరు నిలబెట్టుకోగలిగినంతే మాటివ్వండి. వారానికి మూడు రోజులు ప్రకటించి ఒక రోజు నడపడం కన్నా, ఒకే రోజు ప్రకటించి ఏడాదంతా నడపడం మేలు.

చివరగా రిజిస్ట్రేషన్. ఇప్పుడే వద్దు. పదవులు పంచుకోవడంలో మీ శక్తి అయిపోతుంది. దానికి బదులు మూడు పక్షాలూ సంతకం చేసిన ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఫోన్లు ఎవరు చేస్తారు, పిల్లల వివరాలు ఎవరు చూడవచ్చు, ఫిర్యాదు ఎవరు వింటారు, ఎవరైనా బదిలీ అయితే వారి పని ఎవరికి అప్పగించాలి. ఆఖరి అంశాన్ని మరవకండి. ఇలాంటి ప్రయత్నాలు చాలావరకు ఆగిపోయేది శ్రద్ధగల ప్రధానోపాధ్యాయులో గ్రంథపాలకులో వేరే చోటికి వెళ్లినప్పుడే. పెద్ద మొత్తంలో విరాళాలు తీసుకోవలసి వచ్చినా, ఎవరికైనా జీతం ఇవ్వవలసి వచ్చినా అప్పుడు రిజిస్టర్ చేయించండి, లెక్కలు చూడటానికి బయటి మనిషిని పెట్టుకోండి. ఏ పని ఎంచుకున్నారో రాస్తే, దానికి సరిపోయే ఫోన్ మాటల నమూనా, మా ఒప్పందం ప్రతి ఇక్కడే పెడతాను.