షిట్జు పిల్లను తెచ్చుకోబోతున్న మా మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు రాజమహేంద్రవరం నుంచి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా చెబుతూ, వచ్చే నెలలో మీరు కూకట్‌పల్లి ఇంటికి ఒక షిట్జు జాతి కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారని చెప్పాడు. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మా షిట్జు కుక్క మల్లిని ఒళ్ళోంచి దించకుండానే అన్నం తిన్న పిల్లవు, ఇన్నాళ్ళకు నీ సొంత ఇంట్లో అలాంటి ప్రాణిని పెంచాలనుకున్నావంటే నాకెంతో గర్వంగా ఉంది. కానీ దానితోపాటే భయమూ పట్టుకుంది. మల్లి ఎడమ కన్ను ఎలా పోయిందని నువ్వు అడిగినప్పుడల్లా "దెబ్బ తగిలిందమ్మా" అని మాట దాటేశాను. అది నిజం కాదు. ఆ నిజం నీకు తెలియకుండా ఆ పిల్ల మీ గడపలో అడుగు పెట్టకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఎవరిచ్చినా తీసుకోవద్దు. అలాంటి పిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల్లో కూడా ఉంది. తల్లికుక్కను కళ్ళారా చూడనిదే బయానా ఇవ్వవద్దు. పార్వో అనే వైరస్ జబ్బు రాకుండా వేసే టీకాలు, రేబిస్ టీకా, నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడో డాక్టరుగారు చీటీ మీద రాసిస్తారు, ఒక్క తేదీ కూడా తప్పనివ్వవద్దు. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించవద్దు. మునిసిపాలిటీలో నమోదు చేయించండి.

ఇక దాని స్వభావం. షిట్జు అంటే చైనా భాషలో సింహం అని అర్థం. ఎంత పెరిగినా నాలుగు నుంచి ఏడు కిలోలకు మించని ఈ సింహం టిబెట్ కుక్కల సంతతిది. బీజింగ్ రాజభవనాల్లో ముద్దుగా పెరిగింది. 1908లో చనిపోయిన చైనా మహారాణి సిషీ వీటిని దగ్గరుండి పెంచించింది. 1930లో ఇంగ్లండుకు చేరి, అక్కడి నుంచి లోకమంతా పాకింది. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, కాపలా కోసమో వేట కోసమో పెంచిన జాతి కాదిది. తరతరాలుగా మనిషి ఒడిలో కూర్చోవడం, మనిషి వెంట తిరగడం తప్ప దీనికి మరో పని లేదు. నేను రాత్రిళ్ళు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మల్లి వచ్చి నా చీర కుచ్చిళ్ళ మీద పడుకొనేది. నీళ్ళ కోసం లేస్తే లేచేది, కూర్చుంటే మళ్ళీ అదే కుచ్చిళ్ళ మీదికి చేరేది. అలాంటి దాన్ని ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా తాళం వేసిన ఫ్లాటులో వదిలేయడం దానికి చెరసాలే. మీలో ఒకరైనా ఇంటి నుంచి పని చేసే వీలుంటేనే తెచ్చుకోండి. లేకపోతే పగటిపూట దగ్గరుండే మనిషిని ముందు కుదుర్చుకోండి. మరొక మాట, ఒంటికీ రెంటికీ బయటికి వెళ్ళడం ఈ జాతికి తొందరగా అలవడదు. నెలలు పట్టవచ్చు. విసిగిపోయి చెయ్యి చేసుకున్నావని తెలిస్తే మాత్రం నేను నీతో మాట్లాడను. కొట్టిన చేతికి అది మళ్ళీ వచ్చి తల ఆనిస్తుంది, అది నువ్వు తట్టుకోలేవు.

దాని మంచితనంలోనే ఒక ప్రమాదం ఉంది. అది అరిచి గోల చేయదు, తన బాధ చెప్పుకోదు. ఆ సంగతి నాకు తెలియక జరిగిందే ఇప్పుడు చెబుతున్నాను.

2010 శ్రావణ మాసం. మల్లికి అప్పుడు నాలుగేళ్ళు. ఈ జాతికి ముక్కు మీది వెంట్రుకలు పైకి లేచి నలుదిక్కులా విచ్చుకుంటాయి. ముఖం అచ్చం చేమంతి పువ్వులా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా దీన్ని చేమంతి ముఖపు కుక్క అనే అంటారు. ఆ అందం మీద మోజుతో, వరలక్ష్మీ వ్రతానికి వచ్చే పేరంటాళ్ళు చూసి ముచ్చటపడతారనే ఆశతో, నేను రెండు నెలలుగా ఆ వెంట్రుకలు కత్తిరించలేదు. వ్రతానికి ముందురోజు, గురువారం మధ్యాహ్నం, నేను పూర్ణాలకు పప్పు రుబ్బుతుంటే అది వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఎడమ కన్ను సగం మూసి ఉంది. కంటి కింద తెల్లని జుట్టు తడిసి గోధుమ రంగుకు తిరిగింది. నలుసేదో పడిందనుకొని కొంగుతో తుడిచాను. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది. మా అత్తగారికి అంతకు కొన్ని నెలల ముందు శుక్లం ఆపరేషన్ అయింది. ఆవిడ వాడగా మిగిలిన చుక్కల మందు సీసా ఫ్రిజ్ తలుపులో ఉంది. మనిషి కంటికి పనికొచ్చింది, కుక్క కంటికి పనికిరాదా అనుకొని రెండు చుక్కలు వేశాను.

ఇక్కడ నువ్వు జాగ్రత్తగా చదవాలి అమ్ములూ. శనివారానికి ఎరుపు తగ్గింది. పెరుగన్నం ఎప్పటిలాగే తిన్నది. నేను ఎంత తృప్తిపడ్డానో చెప్పలేను, మీ మామయ్యతో "చూశారా, డాక్టరు అక్కర లేకుండానే నయమైంది" అని కూడా అన్నాను. ఆదివారం పొద్దున తలుపు తీసిన వెలుతురులో చూస్తే నల్లగుడ్డు మీద నీలంగా, పాలు కలిపినట్టు ఒక మబ్బు, దాని నడుమ చిన్న గుంట. ఆదివారం డాక్టరు ఎక్కడ దొరుకుతాడులే అనుకున్నాను. వెతకనైనా వెతకలేదు. సోమవారం తొమ్మిదింటికి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను.

డాక్టరుగారు కంట్లో ఒక రంగు కాగితం తాకించి, గది చీకటి చేసి, నీలం దీపం వేశారు. గాయం ఉన్నచోట, కన్ను మధ్యలో ఆకుపచ్చగా మెరిసింది. ఏం మందు వేశారని అడిగారు. సంచిలోంచి సీసా తీసి ఇస్తే, ఆయన చాలాసేపు ఆ చీటీ చదివి, మెల్లగా చెప్పారు. శుక్లం ఆపరేషన్ తరువాత వాడే ఆ చుక్కల్లో వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ఉంది. ముక్కు మీది వెంట్రుక గుచ్చుకొని కార్నియా మీద, అంటే కనుగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర మీద పడిన చిన్న గీతను ఆ స్టెరాయిడ్ మాననివ్వలేదు సరికదా, లోతుగా తినేసింది. ఎరుపు తగ్గడం కూడా స్టెరాయిడ్ పనే. నయమైనట్టు కనబడుతూ లోపల కన్ను కరిగిపోయింది. పైగా తెరిచి నెలలైన సీసాలో మందు శుభ్రంగా ఉండదు, తెరిచిన నెలకే పారేయాలి. గురువారమే తెచ్చి ఉంటే వారం పది రోజుల్లో మానిపోయే గీత అమ్మా అన్నారాయన. అప్పటికే గుంట చిల్లు పడింది. మంగళవారం కన్ను తీసేశారు.

దానికి నొప్పి లేదా, ఎందుకు అరవలేదని అడిగాను. ముఖం చదునుగా ఉండే జాతుల్లో కార్నియాకు స్పర్శ తక్కువట. కళ్ళు గూట్లో లోతుగా కుదురుకోక బయటికి ఉంటాయి. కొన్నిటికి నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూతపడవు. అందుకే అన్నిటికన్నా ముందు దెబ్బతినేది కన్నే, అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడేదీ అదే. నా పాదం మీద గడ్డం ఆనించడమే అది తన బాధ చెప్పుకోవడం. నేను దాన్ని ముద్దు అనుకున్నాను.

కాబట్టి ఈ పని నీ దినచర్యలో చేరాలి. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి రెండు కళ్ళూ పోల్చి చూడు. కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన దూదితో పుసి తుడువు, ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకు. ఒక కన్ను చిన్నగా కనిపించినా, ఎక్కువగా నీరు కారినా, జిగురు పుసి పట్టినా, కాలితో గీరుకున్నా, మబ్బు పట్టినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. "రేపు చూద్దాం" అనే మాట వద్దు. ఆకుపచ్చ రంగు పరీక్ష చేయమని, కన్నీళ్ళు సరిపడా ఉన్నాయో లేదో కాగితం ముక్క పెట్టి చూడమని నువ్వే అడుగు. కళ్ళు పొడిబారడం కూడా ఈ జాతికి తరచు వచ్చేదే, దానికి ఏళ్ళ తరబడి మందు వాడాల్సి రావచ్చు. ఇంట్లో మిగిలిన చుక్కల మందు ఏదైనా సరే, కుక్క రాకముందే పారేయి. అల్లుడుగారికి కూడా ఈ మాట చదివి వినిపించు.

ముక్కు మీది వెంట్రుకలు నెలకోసారి పొట్టిగా కత్తిరించాలి. కొన మొండిగా ఉన్న చిన్న కత్తెర వాడు, అది కదులుతుంటే వాడకు. నడినెత్తి జుట్టుకు పిలక వేస్తే రబ్బరు బ్యాండు బిగించి లాగకు. కనుబొమల దగ్గరి చర్మం లాక్కుపోతుంది. మెడ పట్టీకి గొలుసు వేసి లాగడం, మెడ పట్టుకొని ఎత్తడం ఎంతమాత్రం చేయవద్దు. మెడ మీద ఒత్తిడి పడితే ఆ కళ్ళకు ప్రమాదం. ఛాతీకి వేసే హార్నెస్ కొను. పొరపాటున ఎప్పుడైనా కనుగుడ్డు బయటికి వస్తే, లోపలికి నెట్టకుండా, శుభ్రమైన నీళ్ళతో తడిపిన గుడ్డ కప్పి, గంటలోపు ఆసుపత్రిలో ఉండాలి. ఇది చదివి బెదరకు. తెలిసి ఉండడం మంచిదని రాశాను.

ఒంటి జుట్టు మన తల జుట్టులాగే ఆగకుండా పెరుగుతుంది. రోజూ దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో అట్టలు కడుతుంది. అట్టకట్టిన జుట్టు తడిస్తే ఇంకా బిగుస్తుంది, కాబట్టి ముందు దువ్వి తరువాతే స్నానం చేయించు. ఉద్యోగాలు చేసే మీకు పొట్టిగా కత్తిరించిన జుట్టే సుఖం.

వేసవిలో పొద్దున ఆరింటికి ముందు, చీకటి పడ్డాక తప్ప నడిపించకు. చదును ముక్కుతో అది ఒంటి వేడిని దింపుకోలేదు. గురకలా ఒగర్చి, నాలుక ముదురు ఎర్రగా మారితే కుళాయి నీళ్ళు పోసి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళు. వర్షాకాలంలో కాలివేళ్ళ మధ్యా, చెవుల్లోనూ పిడుదులు వెతుకు. వాటితో వచ్చే జ్వరం మన ప్రాంతంలో ఎన్నో కుక్కలను తీసుకుపోయింది. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ దానికి విషం. ప్రసాదమని పరమాన్నంలోని కిస్‌మిస్ కూడా పెట్టవద్దు. మా అత్తగారు ఎంత అడిగినా నేను పెట్టనివ్వలేదు, ఆ ఒక్క విషయంలో నేను జాగ్రత్తగానే ఉన్నాను.

కన్ను పోయాక మల్లి ఇంకా ఎనిమిదిన్నరేళ్ళు బతికింది. మొదటి నెలంతా ఎడమవైపు గోడకు కొట్టుకొనేది. కుర్చీలూ బల్లా చోటు మార్చడం మానేశాం. తరువాత అదే నేర్చుకుంది. పేపర్లు దిద్దుతుంటే మళ్ళీ కుచ్చిళ్ళ మీదికి వచ్చేది, కాని ఎప్పుడూ కన్ను లేని వైపే నా కాలికి ఆనించి పడుకొనేది. 2019 మాఘ మాసంలో పోయేదాకా అలాగే పడుకుంది.

డబ్బు కట్టే ముందు ఆ పిల్ల రెండు కళ్ళనూ పగటి వెలుతురులో దగ్గరగా ఫోటో తీసి నాకు పంపించు. నేను చూసి సరే అన్నాకే తెచ్చుకో. మల్లి స్టీలు దువ్వెన వేడినీళ్ళతో శుభ్రం చేసి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. పళ్ళు ఒక పక్క దట్టంగా, మరో పక్క ఎడంగా ఉంటాయి. ఎడంగా ఉన్న పక్కతో మొదలుపెట్టు. ముఖం దగ్గర మాత్రం దువ్వెన కళ్ళ వైపు రాకుండా, ఎడమ అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకొని దువ్వు.

ఆశీస్సులతో,
మీ అత్త