తిరిగే రాకెట్‌లో జీపీఎస్ తెగకుండా ఉండాలంటే ఖరీదైన రిసీవర్ కొంటే చాలా?

చాలదు. ముందు యాంటెన్నా సంగతి చూడండి, రిసీవర్ తర్వాత.

హనుమకొండలో మా డాబా మీద కళ్లారా చూసిందే చెప్తున్నా. స్టూడెంట్ రాకెట్ కోసం పీవీసీ పైపు పక్కన ఒక ప్యాచ్ యాంటెన్నా, అంటే ఒకవైపే చూసే చదును బిళ్ల లాంటిది, అతికించి, తిప్పి చూద్దామని పాత కారు వైపర్ మోటార్ కోసం ములుగు రోడ్డుకి పోయాం. అది అటూ ఇటూ ఊగుతుంది కదా అంటే మెకానిక్ అన్న నవ్వి, "లింకు పీకేయ్ తమ్మీ, షాఫ్ట్ గుండ్రంగనే తిరుగుతది" అన్నాడు. వైర్లు చుట్టుకుపోకుండా బ్యాటరీ, బ్లూటూత్ అన్నీ పైపులోనే పెట్టి, పైపుని అడ్డంగా బిగించి తిప్పాం. ఫోన్‌లో సిగ్నల్ గీతలు చుట్టుకోసారి లేస్తున్నాయి, పడిపోతున్నాయి. యాంటెన్నా నేలవైపు తిరిగితే ఎంత మంచి రిసీవరైనా ఏం వింటుంది? ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, కిందికొచ్చే సిగ్నలే బక్కది. పొజిషన్ కావాలంటే ఒకేసారి నాలుగైనా అందాలి.

రెండోవైపు ఇంకో యాంటెన్నా పెట్టి రెండింటినీ ఒకే వైరులో కలిపితే అయిపోతుందనుకుంటారు. కాదు. రెండు సిగ్నళ్ల తరంగాలూ అడుగు కలిపి రావు, కొన్ని కోణాల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దేని రిసీవర్ దానికి పెట్టండి, లేదా పైపు చుట్టూ పట్టీలా తిరిగొచ్చే యాంటెన్నా వాడండి. ముక్కు మీద పెడితే పైకి పోయేటప్పుడు బాగానే ఉంటుంది, తలకిందులయ్యాక నేలనే చూస్తుంది.

ఇంకో మాట. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు 30 సెకండ్లకోసారి పంపుతుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదటికే. అందుకే కదలకుండా నిలబెట్టి ఫిక్స్ వచ్చాకే, అంటే పొజిషన్ దొరికాకే తిప్పాలి. యాంటెన్నా తిరిగితే చుట్టుకి ఒక తరంగం, అంటే జీపీఎస్ ముఖ్య ఫ్రీక్వెన్సీ ఎల్1లో 19 సెంటీమీటర్లు, ఫేజ్ (తరంగం లెక్క) జరుగుతుందని భయపెడతారు గానీ, సెంటీమీటర్ల లెక్క కావాల్సిన వాళ్లకే ఆ టెన్షన్.

నాకు మండేది ఎక్కడంటే, పిల్లలు హైదరాబాద్ పోయి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తారు, కాలేజీలు మంచి రిసీవర్ కొని బీరువాలో తాళం వేస్తాయి, తిప్పి చూసేవాడు ఒక్కడూ ఉండడు. సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెడితే అన్నీ సర్దుకుంటాయని చెప్పే సార్లకైతే దండం. రాని సిగ్నల్‌ని ఏ ఫిల్టరూ పుట్టించలేదు.