లూనా లవ్‌గుడ్ అంటే ఎందుకంత ఇష్టం?

లూనా కథలోకి వచ్చేదే ఐదో పుస్తకంలో, హ్యారీ స్నేహితురాలు హెర్మయనీలా కథను నడిపించేదీ కాదు, చేసేది కూడా కొంచెమే, అయినా హ్యారీ పాటర్ చదివినవాళ్ళలో ఇంతమందికి ఆమె అంటే ప్రాణం ఎందుకని అడిగారు. అందరి సంగతీ నేను చెప్పలేను. నా సంగతి చెప్తాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. పదకొండో రోజు కాగానే చుట్టాలంతా వెళ్ళిపోయారు, ఇంట్లో నేనూ నాన్నా మిగిలాం. అప్పట్నుంచి మా ఇంట్లో అమ్మ ఊసే లేదు. నేను ఏడుస్తానని నాన్న ఎత్తేవారు కాదు, నాన్న బాధపడతారని నేను ఎత్తేదాన్ని కాదు. బయటివాళ్ళేమో నా ముందే "అయ్యో, తల్లి లేని పిల్ల" అనుకునేవారు. అయితే నోరు మూసుకోవడం, లేదంటే అయ్యో పాపం అనడం. చనిపోయినవాళ్ళ గురించి ఈ రెండూ కాకుండా ఇంకోలా మాట్లాడొచ్చని నాకు తెలియదు.

2008లో నన్ను ఇంటర్‌కి విజయవాడలో ఒక హాస్టల్లో చేర్పించారు. రూమ్‌లో ఎనిమిది మందిమి. నేను ఎవరితోనూ పెద్దగా కలిసేదాన్ని కాదు, అది వాళ్ళకి పొగరులా కనిపించింది. నా వస్తువులు మాయమవడం మొదలైంది. ఒక రోజు బకెట్టు, ఒక రోజు దువ్వెన, ఒక రోజు ఒక్క చెప్పు. అడిగితే నవ్వేవాళ్ళు. దసరా సెలవుల నుంచి వస్తూ పక్క రూమ్ అమ్మాయి ఐదో పుస్తకం తెచ్చింది. ఏడు వందల పైచిలుకు పేజీలు, ఇటుకంత ఉంది. సినిమాలు చూసి ఉన్నాను కాబట్టి కథ తెలుసు. స్టడీ అవర్ అయ్యాక వరండా లైటు కింద కూర్చుని, రాని మాటలు వదిలేస్తూ చదివాను.

మన దగ్గర మంత్రగత్తె అనగానే చేతబడి, బాణామతి గుర్తొస్తాయి. ఆ మాట పడినందుకు మన ఊళ్ళలో ఆడవాళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. అందుకే లూనాని ఆ మాటతో పిలవడం నాకిష్టం ఉండదు. హాగ్వార్ట్స్‌లో మంత్రవిద్య చదువుకునే పిల్ల, అంతే. హ్యారీ కంటే ఒక తరగతి చిన్నది, రావెన్‌క్లా హౌస్. రైల్లో తలకిందులుగా పట్టుకున్న పత్రిక చదువుతూ మనకి మొదటిసారి కనిపిస్తుంది. మంత్రదండం ఎడమ చెవి వెనక దోపుకుని ఉంటుంది, మెడలో సీసా బిరడాలు గుచ్చిన దండ. తోటి పిల్లలు ఆమెని లూనీ అంటారు, అంటే పిచ్చిది అని.

ఆ తర్వాత కాసేపటికే గుర్రాలు వస్తాయి. ఎముకల గూడులాంటి నల్ల గుర్రాలు బళ్ళు లాగుతుంటాయి, హ్యారీకి కనిపిస్తాయి, పక్కనే ఉన్న అతని స్నేహితుడు రాన్‌కి కనిపించవు. తనకి మతి పోయిందేమో అని హ్యారీ భయపడుతుంటే, నాకూ కనిపిస్తాయి, మొదటి రోజు నుంచీ కనిపిస్తున్నాయి అంటుంది లూనా. వాటిని థెస్ట్రల్స్ అంటారని, చావును కళ్ళారా చూసినవాళ్ళకే అవి కనిపిస్తాయని చాలా పేజీల తర్వాత తెలుస్తుంది. అమ్మ పోయినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

చేసేది కొంచెమే అన్నారు కదా, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఏడో పుస్తకంలో, లూనా నాన్న తన పత్రికలో హ్యారీని సమర్థించినందుకు శత్రువులు ఆమెని రైల్లోంచి ఎత్తుకుపోతారు. నెలల తరబడి నేలమాళిగలో బందీగా ఉంటుంది. మంత్రదండాలు చేసే ముసలాయన ఆలివాండర్ కూడా అక్కడే ఉంటాడు. ఆ చీకట్లో ఆ పిల్ల తనకి ఎంత ఊరట ఇచ్చిందో మాటల్లో చెప్పలేనని ఆయనే అంటాడు. యుద్ధం గెలిచాక అందరూ హ్యారీని చుట్టుముడితే, ఇతనికి ఇప్పుడు కావాల్సింది కాస్త ప్రశాంతత అని కనిపెట్టేది లూనాయే. కిటికీలోంచి ఏదో జంతువుని చూపిస్తున్నట్టు అరిచి అందరి కళ్ళూ అటు తిప్పేస్తుంది, హ్యారీ మెల్లగా బయటపడతాడు. లేని జంతువుల్ని నమ్ముతుంది నిజమే, ఆ విషయంలో వాదించే హెర్మయనీదే ఎక్కువసార్లు ఒప్పు. కానీ ఎదుటి మనిషికి లోపల ఎలా ఉందో లూనాకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 2007లో వచ్చిన సినిమాలో ఇవన్నా లించ్ బాగా చేసింది. నాకు మాత్రం పుస్తకంలో లూనాయే ఇష్టం. అక్కడ ఆమె ఊహల్లో తేలే పిల్ల మాత్రమే కాదు, ఎవరికీ నోరు రాని మాట మొహం మీదే అనేస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఐదో పుస్తకం చివరి అధ్యాయం. తండ్రిలాంటి సిరియస్ పోయాడు, హ్యారీ ఎవరితోనూ మాట్లాడలేకపోతున్నాడు. రాన్, హెర్మయనీ ఆ పేరు ఎత్తబోయినా తట్టుకోలేడు. సెలవులకి బయల్దేరే ముందు రాత్రి లూనా నోటీసు బోర్డుకి కాగితం అంటిస్తూ కనిపిస్తుంది. ఏడాదంతా పిల్లలు దాచేసిన తన పుస్తకాలు, బట్టల జాబితా అది, తిరిగివ్వమని. కోపం లేదు, ఏడుపు లేదు. నీకు గుర్రాలు కనిపించాయంటే ఎవరు పోయారని హ్యారీ అడుగుతాడు. మా అమ్మ అంటుంది. ప్రయోగాలంటే ఇష్టం, ఒక మంత్రం బెడిసికొట్టింది, అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఇప్పటికీ అప్పుడప్పుడు చాలా బాధగా ఉంటుంది, కానీ నాన్న ఉన్నారు కదా అంటుంది. అంత మామూలుగా చెప్తుంది. ఆమె వెళ్ళిపోతుంటే హ్యారీ గుండెల్లో బరువు కొంచెం తగ్గుతుంది. నేను ఆ రెండు పేజీలూ ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

అది చదివిన వారంలోనే నా స్టీలు గ్లాసు పోయింది. అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించిన గ్లాసు. నీళ్ళు తాగేటప్పుడు ఆ చుక్కలు వేలికి తగిలేవి. బకెట్టు పోయినా, చెప్పు పోయినా ఊరుకున్నాను కానీ ఈసారి ఊరుకోలేకపోయాను. నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి, దాచిన వస్తువులన్నీ వరసగా రాశాను. గ్లాసు దగ్గర, దాని మీద ఈ పేరు ఉంటుంది అని అమ్మ పేరు రాసి, మెస్ తలుపు పక్కన అన్నం మెతుకులతో అంటించాను. అమ్మ పేరు నా చేత్తో రాసి చాలా కాలమైంది.

ఆ రాత్రి పై ఫ్లోర్ నుంచి ఒక సీనియర్ అక్క వచ్చింది. గ్లాసు దొరికిందేమో అనుకున్నాను.

"ఆ పేరు నీదా?" అంది.

"కాదక్కా, మా అమ్మది. నేను ఎయిత్‌లో ఉన్నప్పుడు చనిపోయింది."

అయ్యో అనలేదు. నా మంచం మీద కూర్చుని, "అమ్మ ఏం చేసేవారు?" అని అడిగింది. జాకెట్లు కుట్టేదని చెప్పాను. కుడుతున్నప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, వాటితోనే నన్ను కేకలేసేదని చెప్పాను. రూమ్‌లో మిగతా ఏడుగురూ వింటున్నారని తెలుసు, అయినా ఆపలేదు. లైట్లు ఆర్పే బెల్లు కొట్టేదాకా చెప్తూనే ఉన్నాను.

గ్లాసు మళ్ళీ దొరకలేదు. ఆదివారం కాయిన్ బాక్స్ నుంచి నాన్నకి ఫోన్ చేసి, "నాన్నా, అమ్మ పేరున్న గ్లాసు పోయింది" అన్నాను. అటునుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. ఇంకో రూపాయి వేశాను.

"ఇంకా ఐదున్నాయిలేమ్మా. ఆరు గ్లాసుల సెట్టు అది. మీ అమ్మ షాపువాడితో గంటసేపు బేరమాడి కొంది" అన్నారు నాన్న.